ఇటుకల మీద కారు, ఐదు వేల కింద చట్టం

దేశ రాజధానిలో గానీ, దాన్ని ఆనుకున్న నోయిడా, ఘాజియాబాద్, గురుగ్రామ్‌లలో గానీ కొంతకాలం కాపురమున్న వారెవరికీ ఈ దృశ్యం కొత్త కాదు. ఉదయం పాల ప్యాకెట్టు కోసం కిందికి దిగితే వీధిలో ఒక కారు ఇటుకల మీద నిలబడి ఉంటుంది. అద్దాలు పగలలేదు, తలుపులు తెరవలేదు, లోపలి వస్తువులు ఎక్కడివక్కడే ఉన్నాయి. చక్రాలు మాత్రం లేవు. జాకీ, పానా, పది పన్నెండు ఇటుకలు, ఇద్దరు మనుషులు, పావుగంట. దొంగలకు కావలసింది అంతే. చుట్టూ నలుగురు చేరతారు. ప్రతి గుంపులోనూ ఒక పెద్దమనిషి తప్పకుండా ఉంటాడు. "లాక్ నట్లు వేయించుకోలేదా?" అని కారు యజమానిని అడుగుతాడు.

నా అభ్యంతరం ఆ ప్రశ్న మీద. అడిగే పెద్దమనిషిని తప్పుపట్టలేం, ఆయనకు తెలిసిన లోకం అది. కానీ అదే ప్రశ్నను పోలీసు ఠాణాలో డ్యూటీ అధికారి అడిగినప్పుడు, బీమా సర్వేయరు అడిగినప్పుడు, చివరకు ప్రభుత్వాల జాగృతి ప్రచారాల సారమంతా అదే ప్రశ్నగా మిగిలినప్పుడు, మనం ఆగి ఆలోచించవలసి ఉంటుంది. దొంగతనం జరిగితే దొంగెవరని అడగడం రాజ్యం పని. తాళం ఎందుకు వేయలేదని అడగడం ఇరుగుపొరుగు పని. మన దేశంలో ఈ రెండు పనుల మధ్య ఉండవలసిన గీత దాదాపు చెరిగిపోయింది.

ముందు లాక్ నట్ల సంగతి తేల్చేస్తాను, ఎందుకంటే అవి పనికిరావని నేను అనడం లేదు. చక్రానికి ఉండే నాలుగైదు నట్లలో ఒకదాన్ని తీసి, దాని స్థానంలో ప్రత్యేకమైన తలకట్టు ఉన్న నట్టు బిగిస్తారు. దానికి సరిపోయే చిన్న తాళం సాకెట్ ఉంటేనే అది ఊడుతుంది. మామూలు పానా దాని మీద జారిపోతుంది. నాలుగు చక్రాలకూ నాలుగు నట్లు, ఒక తాళం. పోయే సొత్తుతో పోలిస్తే వాటి ఖర్చు లెక్కలోది కాదు. దీనితోపాటు అనుభవజ్ఞులు చెప్పే కిటుకులు మరికొన్ని ఉన్నాయి. బండిని గోడకు వీలైనంత దగ్గరగా ఆపి, ముందు చక్రాలను ఒక పక్కకు తిప్పి ఉంచితే పానా తిప్పడానికి చోటు తగ్గుతుంది. బండి వంగితే మోగే అలారం ఉంటే, జాకీ ఎత్తిన క్షణాన కూత పెడుతుంది. మామూలు అలారం తలుపు తెరిస్తే తప్ప నోరు విప్పదు. రిమ్ము లోపలి వైపున బండి నంబరు చెక్కించుకోవడం మరో మంచి పని. దాని ప్రయోజనం తరువాత చెబుతాను.

ఇవన్నీ చేయండి. కానీ వీటి పరిధి కూడా తెలుసుకోండి. గట్టి ఉక్కు సాకెట్‌ను లాక్ నట్టు మీద సుత్తితో కొట్టి బిగించి తిప్పేసే విద్య దొంగలకు తెలుసు. లాక్ నట్టు దొంగతనాన్ని ఆపదు, ఆలస్యం చేస్తుంది. ఆలస్యమయ్యే బండిని వదిలి దొంగ పక్క బండి దగ్గరకు పోతాడు. అంటే మనం డబ్బు పెట్టి కొంటున్న రక్షణ, మన నష్టాన్ని పొరుగువాడి గుమ్మంలోకి నెట్టడమే. వీధిలో అందరూ లాక్ నట్లు వేయించుకుంటే దొంగ పక్క వీధికి పోతాడు. రాజ్యం తప్పుకున్న చోట పౌరులు చేసుకునే ఏర్పాట్లన్నిటి స్వభావమూ ఇదే. కాలనీ గేట్లు, పన్నెండు గంటల డ్యూటీ చేసి రాత్రి రెండింటికి కుర్చీలో కునికే వాచ్‌మన్, అతని నెత్తిన ఆడని సీసీ కెమెరా.

ఇప్పుడు చట్టం దగ్గరకు వద్దాం. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే.

భారతీయ శిక్షాస్మృతి ఉన్న కాలంలో దొంగతనం, దాని విలువ ఎంతైనా, పోలీసులు నేరుగా కేసు కట్టి దర్యాప్తు చేయవలసిన నేరం. పైగా లలితాకుమారి కేసులో 2013లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, ఇలాంటి నేరం గురించి సమాచారం అందితే ఎఫ్‌ఐఆర్ నమోదు తప్పనిసరి అని తేల్చి చెప్పింది. ఆ తీర్పును ఠాణాలు ఎంత పాటించాయన్నది వేరే కథ. కనీసం ఠాణా మెట్లమీద నిలబడి అడగడానికి పౌరుడి చేతిలో ఒక ఆధారం ఉండేది.

2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత, భారతీయ నాగరిక సురక్షా సంహిత ఆ ఆధారానికి కన్నం పెట్టాయి. న్యాయ సంహిత 303వ సెక్షన్ ప్రకారం, ఐదు వేల రూపాయల లోపు విలువైన సొత్తును తొలిసారి దొంగిలించి శిక్షపడిన వ్యక్తి ఆ సొత్తునో, దాని విలువనో తిరిగి ఇచ్చేస్తే సమాజ సేవతో సరిపెడతారు. దీన్ని నేను స్వాగతిస్తాను. ఆకలితో చేసిన చిన్న దొంగతనానికి కుర్రవాణ్ని జైలుకు పంపి ముదురు నేరస్థుడిగా బయటికి తెచ్చే పద్ధతి మారవలసిందే. అసలు చిక్కు పక్క పుస్తకంలో ఉంది. సురక్షా సంహిత మొదటి షెడ్యూలు, సొత్తు విలువ ఐదు వేల లోపైతే ఆ దొంగతనాన్ని పోలీసులు నేరుగా దర్యాప్తు చేయదగని నేరాల జాబితాలో చేర్చింది. అంటే మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా పోలీసులు దర్యాప్తు చేయరాదు. ఫిర్యాదును ఒక పుస్తకంలో రాసుకుని, ఫిర్యాదుదారును మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్లమని చెప్పి, డైరీని పక్షానికోసారి కోర్టుకు పంపితే వారి బాధ్యత తీరింది.

శిక్షలో దయ చూపడానికీ, దర్యాప్తే మానేయడానికీ తేడా లేదా? దొంగ తొలిసారి చేశాడో, వందోసారి చేశాడో అతణ్ని పట్టుకున్నాక కదా తెలిసేది? పట్టుకోకముందే అతని మీద దయ చూపి, దర్యాప్తు తలుపు మూసేయడం ఏ న్యాయశాస్త్రం? ఐదు వేలకు పైబడిన సొత్తు విషయంలోనూ అదే పుస్తకంలోని 173వ సెక్షన్ మరో సందు తెరిచింది. మూడేళ్ల నుంచి ఏడేళ్లలోపు శిక్షపడే నేరాల్లో, డీఎస్పీ స్థాయి అధికారి అనుమతితో, కేసు నడపదగినదా కాదా అని పద్నాలుగు రోజులు ప్రాథమిక విచారణ జరపవచ్చు. దొంగతనానికి గరిష్ఠ శిక్ష సరిగ్గా మూడేళ్లు. కారు నాలుగు ఇటుకల మీద ఉంది. ప్రాథమికంగా విచారించడానికి అందులో ఏముంది?

ఇక్కడే చక్రాల ప్రశ్న చట్టానికి గీటురాయి అవుతుంది. కారు పోతే దాని విలువ మీద వాదన ఉండదు. పాత చక్రం విలువ ఎంత? నలభై వేల కిలోమీటర్లు తిరిగిన టైరు, గీతలుపడిన ఉక్కు రిమ్ము. డ్యూటీ అధికారి దాన్ని చూడకుండానే విలువ కట్టగలడు. స్టెప్నీ ఒక్కటే పోతే మరీ సులువు. "రెండు మూడు వేలుంటుందేమో సార్" అంటే చాలు, ఫిర్యాదు ఎఫ్‌ఐఆర్ గీతకు కింద పడిపోతుంది. ఒక కాలనీలో ఒకే రాత్రి ఆరు కార్ల స్టెప్నీలు పోతే అవి ఆరు విడివిడి చిన్న ఫిర్యాదులు; ఒక ముఠా చేసిన ఒక నేరంగా వాటిని కలిపి చూసే నాథుడు ఉండడు. చూడకపోతే జాతీయ నేర గణాంకాల్లో అవి ఉండవు. గణాంకాల్లో లేకపోతే నేరాలు తగ్గాయని పార్లమెంటులో ప్రకటించుకోవచ్చు.

ఈ చట్టాలు ఎలా ఆమోదం పొందాయో మరిచిపోరాదు. 2023 డిసెంబరు శీతాకాల సమావేశాల్లో ఉభయసభల నుంచి మొత్తం 146 మంది ప్రతిపక్ష సభ్యులు సస్పెండయ్యారు. దాదాపు ఖాళీగా ఉన్న ప్రతిపక్ష బెంచీల ముందు, ఒకటిన్నర శతాబ్దం నాటి నేరచట్టాలను మార్చే మూడు బిల్లులు గడిచిపోయాయి. వలస పాలన అవశేషాలను తుడిచిపెడుతున్నామన్న ఉపన్యాసాలు చాలా వినిపించాయి. షెడ్యూలులోని గళ్లు ఎవరు చదివారు? చదివి అడగవలసిన వారిలో ఎక్కువమంది ఆ రోజు సభ బయట ఉన్నారు.

నష్టపోయేది కార్లున్న ఆసాములే కదా, వారి గోడు మనకెందుకని ఒక వాదన ఉంది. వామపక్ష మిత్రులు కొందరు నాతో ఈ మాట అన్నారు. ఢిల్లీ వీధుల్లో రాత్రిళ్లు నిలిపి ఉంచే కార్లలో పసుపు పచ్చ నంబరు ప్లేట్లవి ఎన్ని ఉంటాయో వారు లెక్కపెట్టినట్టు లేదు. సొంత గ్యారేజీ, బేస్‌మెంటు పార్కింగు ఉన్నవాడి చక్రాలకు భయం లేదు. రోడ్డు మీద ఆపుకోక తప్పనివాడివే పోతాయి. తూర్పు ఢిల్లీలో మా పక్క వీధిలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒక క్యాబ్ డ్రైవరు ఉంటాడు. అతని బండికి రెండు చక్రాలు పోయాయి. ఫిర్యాదు రాయించడానికి ఒక పూట, రాసిన కాగితం మీద ముద్ర వేయించడానికి మరో పూట, టైర్ల కోసం అప్పు పుట్టించడానికి రెండు రోజులు. "చక్రాలు పోతే పోయాయన్నా, వాయిదా మాత్రం ఆగదు కదా" అన్నాడు. ఠాణాలో అతనికి దక్కింది ఎఫ్‌ఐఆర్ కాదు, వస్తువు పోగొట్టుకున్నవారికి ఇచ్చే రసీదు. పర్సు బస్సులో జారిపోయినట్టు, చక్రాలు ఎక్కడో జారిపోయాయన్నమాట! ఆ రసీదు పట్టుకుని బీమా కంపెనీకి వెళితే వారు నవ్వుతారు.

బీమా ఉందిగా అని నిబ్బరంగా ఉండేవారి కోసం ఒక లెక్క. చట్టం తప్పనిసరి చేసిన థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే చక్రాలకు పైసా రాదు. సమగ్ర పాలసీ ఉందనుకుందాం. బండి వయసు ఆరేళ్లు. పోయిన టైర్ల ఖరీదు 20,000, రిమ్ములవి 12,000, మొత్తం 32,000 రూపాయలు. ప్రామాణిక పాలసీలో టైర్లకు తరుగుదల యాభై శాతం, 10,000 మిగిలింది. ఐదేళ్లు దాటిన బండి లోహ భాగాలకు తరుగుదల నలభై శాతం, 7,200 మిగిలింది. చిన్న ఇంజన్ కారైతే యజమాని తప్పక భరించవలసిన 1,000 తీసేస్తే చేతికొచ్చేది 16,200. అక్కడితో అయిపోలేదు. క్లెయిము చేయనందుకు ఏటేటా పెరుగుతూ వచ్చిన యాభై శాతం బోనసు ఒక్కసారిగా సున్నా అవుతుంది. మళ్లీ 20, 25, 35, 45 మెట్లెక్కి యాభైకి చేరడానికి ఐదు క్లెయిము లేని సంవత్సరాలు పడుతుంది. సొంత నష్టం ప్రీమియం ఏడాదికి 10,000 అనుకుని, అది మారకుండా ఉంటుందనుకుంటే, ఈ మెట్ల మీద పోగొట్టుకునే రాయితీ మొత్తం 12,500. ముప్ఫై రెండు వేల నష్టానికి నికరంగా దక్కింది 3,700. తరుగుదల లేని యాడ్ ఆన్, బోనసు కాపాడే యాడ్ ఆన్ కొనుక్కోవచ్చు గదా అంటారు. కొనుక్కోవచ్చు, అదనంగా చెల్లించి. రక్షణకు రక్షణ కొనుక్కునే ఈ గొలుసుకు చివర ఎక్కడుందో హైదరాబాదులో కొలువైన బీమా నియంత్రణ సంస్థ చెప్పాలి.

అందుకే చాలామంది క్లెయిము చేయరు. చేయకపోతే ఎఫ్‌ఐఆర్ అక్కర లేదు. అక్కర లేదు గనుక ఠాణాకు వెళ్లరు. ఢిల్లీ పోలీసులు వాహన చోరీలకు ఆన్‌లైన్ ఎఫ్‌ఐఆర్ సౌకర్యం పదేళ్ల కిందటే తెచ్చారు. మంచిదే. కానీ ఆ ఏర్పాటులో ఫిర్యాదు ఎంత సులువుగా నమోదవుతుందో, దొంగ దొరకలేదనే తుది నివేదికా అంత సులువుగా వస్తుంది. బీమా కాగితం పుట్టించే యంత్రంగా దర్యాప్తు విభాగం మారిపోతే దొంగకు ఇక భయమెందుకు?

చక్రాలు ఎక్కడికి పోతాయి? దొంగ వాటిని ఇంట్లో అలంకరించుకోడు. ఎవరో కొంటారు. మన ఉపఖండంలోని ప్రతి మహానగరానికీ ఒక పాత విడిభాగాల బజారు ఉంది. ఢిల్లీలో మాయాపురి, చెన్నైలో పుదుపేట, కరాచీలో షేర్‌షా, ఢాకాలో ధోలాయిఖాల్, కొలంబోలో పంచికావత్త. ఈ బజార్లను దొంగల అడ్డాలని ఈసడించేవారితో నేను ఏకీభవించను. కొత్త భాగం కొనలేని లక్షలాది బండ్లు వీటి వల్లే నడుస్తున్నాయి. అక్కడి మెకానిక్కుల చేతి పనితనం ఏ ఇంజనీరింగు కళాశాలకూ తీసిపోదు. అక్కడ లేనిది ఒక్కటే, ఈ సరుకు ఎక్కడిదన్న ప్రశ్న. 2010లో ఢిల్లీ విశ్వవిద్యాలయం వేలం వేసిన ఒక పాత ప్రయోగశాల పరికరం మాయాపురి చేరింది. దాన్ని విప్పితే కోబాల్ట్ 60 బయటపడింది. ఒకరు మరణించారు, మరికొందరు ఆస్పత్రి పాలయ్యారు. అణుధార్మిక పదార్థమే ఎవరూ అడగకుండా దుకాణానికి చేరగలిగినప్పుడు, ఒక అల్లాయ్ చక్రం పుట్టుపూర్వోత్తరాలు ఎవరడుగుతారు?

మీరట్‌లోని సోతీగంజ్ కథ మరో రకం. ఉత్తర భారతంలో పోయిన బండి సోతీగంజ్‌లో ముక్కలవుతుందన్నది దశాబ్దాల నానుడి. 2021లో అక్కడి పోలీసులు దుకాణాలు మూయించి ఆస్తులు జప్తు చేశారు. ఆ డిసెంబరులో షాజహాన్‌పూర్ సభలో ప్రధానమంత్రే ఆ బజారు పేరు ప్రస్తావించి రాష్ట్ర ప్రభుత్వాన్ని మెచ్చుకున్నారు. మరి రెండు నెలల్లో ఎన్నికలు. ఒక బజారుకు తాళం వేయడం వార్త అవుతుంది, ఓటూ అవుతుంది. కానీ దొంగసొత్తు వ్యాపారానికి ఒక చిరునామా ఉండాలన్న నియమమేమీ లేదు. సోతీగంజ్ మూతపడ్డాక ఢిల్లీ వీధుల్లో ఇటుకల మీద కార్లు కనిపించడం మానలేదు.

సరుకు పుట్టుక అడిగే పద్ధతి అసాధ్యమా? తన అవసరమున్న చోట ఈ రాజ్యానికే అది బాగా తెలుసు. 2019 ఏప్రిల్ నుంచి ప్రతి కొత్త బండికీ లేజరు సంఖ్య చెక్కిన, ఊడదీస్తే మళ్లీ బిగించరాని నంబరు ప్లేటు తప్పనిసరి చేశారు. 2021 నాటి తుక్కు వాహనాల నిబంధనలు, బండిని తుక్కు చేసే ముందు అది దొంగబండి కాదని జాతీయ నేర రికార్డులతో సరిచూడాలని చెబుతున్నాయి. పాత టైర్ల పునర్వినియోగ బాధ్యతను 2022లో తయారీదారుల మీద పెట్టి, ఆ లెక్కలకు పోర్టలు కూడా తెరిచారు. టైరు పుట్టిన వారం, సంవత్సరం దాని పక్క గోడ మీదే ఉంటాయి. ఈ కాలనీలో ఈ బండికి ఉన్న టైరు ఇదేనని చెప్పే సంఖ్య మాత్రం లేదు. రిమ్ముకూ అంతే. అందుకే దొంగ దొరికి, గోదాములో రెండు వందల చక్రాలు పట్టుబడినా, ఏది ఎవరిదో తేలదు. అవి ఠాణా ఆవరణలో కేసు సొత్తుగా కుప్పపడి ఎండుతాయి, తడుస్తాయి. పట్టుబడిన వాహనాలను ఠాణాల్లో కుళ్లబెట్టవద్దని సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. ఏ ఠాణా వెనక్కి వెళ్లి చూసినా ఆ తీర్పు విలువ తెలుస్తుంది. అక్కడి బండ్లకే చక్రాలు ఉండవు. రిమ్ము లోపల నంబరు చెక్కించుకోమని పైన చెప్పింది ఇందుకే. దొరికిన రోజున అది మీదని రుజువు చేసేది ఆ గీతలే.

కొన్నవాణ్ని పట్టే సెక్షన్ లేదా అంటే, ఉంది. దొంగసొత్తని తెలిసీ పుచ్చుకుంటే న్యాయ సంహిత 317 కింద మూడేళ్ల దాకా శిక్ష. అదే వృత్తిగా పెట్టుకుంటే ఇంకా కఠినం. కానీ 'తెలిసీ' అన్న మాటను రుజువు చేయాలంటే బిల్లు లేని కొనుగోలును నేరానికి ఆధారంగా చూపగల నియమం ఉండాలి. పాత చక్రం కొనేవాడు అమ్మినవాడి గుర్తింపు, బండి నంబరు రాసుకోవాలని దేశమంతటికీ ఒక్క ముక్క నిబంధన లేకపోవడం వల్ల, రెండు వందల రూపాయల కూలికి పానా తిప్పిన కుర్రవాడు జైల్లో ఉంటాడు. గోదాము యజమాని బయట ఉంటాడు.

ఇన్నాళ్లూ చెప్పిన సాకు ఒకటుండేది. ఢిల్లీ పోలీసులు కేంద్ర హోంశాఖ చేతిలో, ఢిల్లీ ప్రభుత్వం మరో పార్టీ చేతిలో, సరిహద్దు దాటితే హర్యానా, ఉత్తరప్రదేశ్. సమన్వయం ఎలా సాధ్యం అనేవారు. 2025 ఫిబ్రవరి ఎన్నికల తరువాత ఢిల్లీ, లక్నో, చండీగఢ్ సచివాలయాలూ, కేంద్ర హోంశాఖా ఒకే పార్టీ చేతిలో ఉన్నాయి. నిందించడానికి ఎదుటి పక్షం మిగల్లేదు. ఘాజియాబాద్ గోదాములోకి ఢిల్లీ పోలీసులు అడుగుపెట్టడానికి ఇప్పుడు అడ్డం వచ్చేది ఏమిటో హోంమంత్రి చెప్పాలి. సురక్షా సంహిత షెడ్యూలులో ఆ ఐదు వేల గడిని సవరించి, శిక్షలో దయను ఉంచి దర్యాప్తును పునరుద్ధరించడానికి పట్టేది ఒక చిన్న బిల్లు, ఒక పూట సభ. పాత చక్రాల కొనుగోలు రిజిస్టరుకు, రిమ్ముల మీద సంఖ్యకు బిల్లు కూడా అక్కర్లేదేమో, రవాణా శాఖ తలచుకుంటే నోటిఫికేషన్ చాలు. స్టెప్నీ లేకుండానే కొన్ని కార్లు అమ్ముకోవచ్చని 2020లో తయారీదారుల కోసం నిబంధనలు సవరించింది ఆ శాఖే. వచ్చే సమావేశాల్లో ఏ సభ్యుడైనా, ఏ పార్టీ వాడైనా సరే, ఈ ప్రశ్న లిఖితపూర్వకంగా వేయవచ్చు: 2024 జూలై నుంచి ఐదు వేల లోపని తేల్చి దర్యాప్తు చేయకుండా పక్కన పెట్టిన దొంగతనాల ఫిర్యాదులు ఠాణాల వారీగా ఎన్ని? ఆ విలువ కట్టింది ఎవరు?